అచ్చులో ఉన్న ప్రార్థన అబద్ధమా?

పుస్తకం తెరిచి చదివేది ప్రార్థన ఎలా అవుతుంది, గుండెలోంచి తన్నుకొచ్చేదే కదా ప్రార్థన! ఈ మాట ఇవాళ ఎంత చలామణిలో ఉందంటే, కాదనబోయినవాణ్ణి ఛాందసుల జాబితాలో రాసేసుకుంటారు. యూదుల నిత్యప్రార్థన మీద ఈ అభియోగం మరీ గట్టిగా పడింది. పొద్దున షహరీత్, మధ్యాహ్నం దాటాక మిన్హా, చీకటి పడ్డాక మారీవ్. మూడు పూటలా సిద్దూర్ అనే అదే ప్రార్థన పుస్తకం, అవే పుటలు, అవే వాక్యాలు. ఎప్పుడో ఎవరో కూర్చిన మాటలను రోజుకు మూడుసార్లు వల్లించే మనిషికి తనదంటూ ఏం మిగులుతుంది, పెదవులు కదులుతాయే తప్ప మనసు కదలదు, ఆ పుస్తకం మూసేసి నీ మాటల్లో నీ దేవుడితో మాట్లాడుకో అన్నది ఆ వాదన. సినగాగ్‌కు వెళ్లడం మానేసిన యూదుల్లో ఎందరో చెప్పే కారణం ఇదే. వెళ్తున్నవాళ్లలోనూ కొందరు లోలోపల దీన్నే నమ్మి, తాము చేస్తున్నది నకిలీ పని అని కుంగిపోతుంటారు. ముఖ్యంగా వాళ్ల కోసమే ఈ వ్యాసం.

ఆ వాదన చూపించే దృశ్యం నిజమే. పనిదినం పొద్దున చాలా సినగాగ్‌లలో ఆఫీసు వేళ ముంచుకొస్తుంటుంది. నిలబడి చెప్పే ప్రధాన ప్రార్థన, పందొమ్మిది ఆశీర్వచనాల అమీదా, కొద్ది నిమిషాల్లో పరుగెత్తిపోతుంది. ఆఖరి కీర్తన ముగియకముందే కొందరు చేతికి చుట్టుకున్న తెఫిలీన్ అనే ప్రార్థన పెట్టెల పట్టీలు విప్పుతుంటారు. దీన్ని నేను వెనకేసుకురాను. యూదు ధర్మశాస్త్రమూ వెనకేసుకురాదు. జబ్బు ఉన్న మాట ఒప్పుకుంటాను. మాటలు స్థిరంగా ఉండటమే ఆ జబ్బుకు కారణమన్న నిర్ధారణను మాత్రం మొదలంటా తప్పంటాను.

అమీదా ఎలా మొదలవుతుందో ముందు చూడాలి. మూడడుగులు వెనక్కి వేసి, మూడడుగులు ముందుకు వేస్తారు. రెండు పాదాలూ జోడించి యెరూషలేము వైపు తిరిగి నిలబడతారు. పెదవులు కదలాలి, గొంతు పక్కవాడి దాకా పోకూడదు. ఈ పెదవుల నియమాన్ని తాల్ముద్ అనే ధర్మచర్చల గ్రంథపు పండితులు ఏ యాజకుడి దగ్గరా నేర్చుకోలేదు. బైబిల్లో, షిలోహు మందిరంలో నిలబడి ఏడ్చిన హన్నా దగ్గర నేర్చుకున్నారు. పిల్లలు లేని స్త్రీ, సవతి దెప్పులు పడలేక వచ్చింది. పెదవులు మాత్రమే కదలడం చూసి యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఆమె చేతిలో ఏ పుస్తకమూ లేదు, ఆమె నోట ఎవరో నేర్పిన మాటా లేదు. స్థిరమైన ప్రార్థనకు నియమాలు రాస్తున్న పండితులు, పుస్తకమే లేని ఈ స్త్రీని గురువుగా ఎంచుకున్నారు. మనసు నిలపాలి, పెదవులు కదిలించాలి, గొంతు పెంచకూడదు అన్న మూడు విధులూ ఆమె నుంచే తీశారు. గుండెలోంచి వచ్చే ప్రార్థన అంటే ఏమిటో వాళ్లకు తెలియదని చెప్పడానికి ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రత్యర్థులు తరచుగా పిలిచే సాక్షి రబ్బీ ఎలియెజెర్. ప్రార్థనను నిర్ణీతమైన పనిగా మార్చుకున్నవాడి ప్రార్థన వేడుకోలు కాదని ఆయన అభిప్రాయం. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన ధర్మసంకలనం మిష్నాలోనే అది ఉంది. మరి స్థిరపాఠాన్ని ఆదిలోనే ఖండించినట్టు కాదా అంటారు. కాదు. తాల్ముద్ అదే అడిగింది: ఏ ప్రార్థన అలా మొక్కుబడి అవుతుంది? ఒకరు, బరువు దించుకున్నట్టు చేసేది అన్నారు. మరికొందరు, దీనంగా అడిగే గొంతు లేనిది అన్నారు. ఇంకో ఇద్దరు, కొత్తగా ఒక్క ముక్కైనా చేర్చలేనిది అన్నారు. ఈ మూడో జవాబు విని రబ్బీ జేరా, కొత్త మాట చేర్చగలను గానీ ఎక్కడున్నానో మరిచిపోయి తడబడతానేమోనని భయం అన్నాడు. ఈ సంభాషణలో పాల్గొన్నవాళ్లెవరూ పాఠాన్ని తీసేద్దామనలేదు. వాళ్ల తగవంతా పాఠం లోపల మనిషి ఎలా నిలబడాలన్న దాని మీదే. మిష్నా పండితులు చెట్టు కొమ్మ మీద పనిచేసే కూలీ, గోడ కట్టే మేస్త్రీ, దేవుడు ఒక్కడేనని చాటే షెమా పాఠాన్ని ఉన్నచోటే చదువుకోవచ్చన్నారు, అమీదాకు మాత్రం ఆ వెసులుబాటు ఇవ్వలేదు. కొమ్మ మీద బ్యాలెన్స్ చూసుకుంటున్నవాడికి మనసు నిలవదని వాళ్లకు తెలుసు. మనసు సంగతి పట్టనివాళ్లు రాసే నియమాలు ఇలా ఉండవు.

ప్రత్యర్థులకు ఇంతకన్నా బలమైన సాక్షి ఒకరున్నారు, పశువుల కాపరి. రేగెన్స్‌బర్గ్‌లో 1217లో మరణించిన యూదా హె-హసీద్ పేరుతో ప్రసిద్ధమైన ‘సెఫెర్ హసీదిమ్’లో ఈ కథ ఉంది. ప్రార్థన చేయడం రాని కాపరి ఒకడు, దేవుడా నీకే పశువులుంటే అందరి దగ్గరా తీసుకునే కూలి నీ దగ్గర తీసుకోకుండా కాసిపెడతాను అనేవాడు, ఎందుకంటే ఆయనంటే వాడికి ప్రేమ. దారిన పోతున్న పండితుడొకడు విని, అలా అనకూడదని మందలించి, ఆశీర్వచనాల వరుస, షెమా, అమీదా నేర్పాడు. పండితుడు వెళ్లగానే కాపరి నేర్చుకున్నదంతా మరిచిపోయాడు. పాతది అనడానికి భయపడి అసలు ప్రార్థనే మానేశాడు. అప్పుడు పండితుడికి కలలో హెచ్చరిక వచ్చింది, వాణ్ణి వాడి మాటలే అనుకోనివ్వమని. పుస్తకం మీద గుండె గెలిచిందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలంటారు.

నేను ఈ కథను ఎంతో ప్రేమిస్తాను. అందుకే ఇందులో ఒక చిన్న మాటను ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. కాపరి తన వాక్యాన్ని ప్రతిరోజూ అనేవాడు. కథలో ఉన్నదే ఇది. ఏ రోజు మూడ్‌ను బట్టి ఆ రోజు కొత్తగా అల్లుకోలేదు. ఒక వాక్యం దొరికింది, దాన్నే పట్టుకున్నాడు, ఎండలోనూ వానలోనూ అదే అన్నాడు. అది వాడి సిద్దూర్. పండితుడి తప్పు ఒకరి స్థిరపాఠాన్ని లాక్కుని, నిలుపుకోలేని ఇంకో పాఠాన్ని చేతిలో పెట్టడం. పుస్తకం మూసెయ్యమని ఇవాళ సలహా ఇచ్చేవాళ్లు సరిగ్గా ఆ పనే చేస్తున్నారు. ఎన్నో ఏళ్లుగా నోటికి అలవాటైన మాటలు లాక్కుని, రోజూ కొత్తవి పుట్టించుకొమ్మంటున్నారు. కాపరిలాగే చాలామంది ఆ కొత్తవీ రాక, పాతవీ అనలేక, మౌనంగా మిగిలిపోతారు.

కవానా అంటారు దీన్ని, ప్రార్థనలో మనసు లగ్నం కావడాన్ని. దాన్నొక భావావేశంగా ఊహించుకోవడంలోనే అసలు పొరపాటు ఉంది. ముందు గుండె నిండాలి, తర్వాత మాట రావాలి, గుండె నిండని రోజున పలికితే అది కపటం అన్న లెక్క. ఈ లెక్కన యెరూషలేము తాల్ముద్ పండితులు అందరూ కపటులే కావాలి. అందులో బెరఖోత్ భాగంలో ఒక చోట వాళ్లు ఒకరి తర్వాత ఒకరు నోరు విప్పి చెప్పుకున్నారు. నా జీవితంలో ఎన్నడూ మనసు నిలవలేదు, ఒక్కసారి గట్టిగా ప్రయత్నిస్తే, రాజు ముందుకు ముందుగా వెళ్లేది పారశీక ప్రభువా, మన ప్రవాస నాయకుడా అని ఆలోచిస్తూ ఉండిపోయాను అన్నాడు రబ్బీ హియ్యా. నేను పిట్టలను లెక్కపెట్టాను అన్నాడు షమూయేల్. గోడలో ఇటుకల వరుసలు లెక్కపెట్టాను అన్నాడు రబ్బీ బూన్. ఆఖరున రబ్బీ మత్తన్యా, నా తలకు నేను రుణపడి ఉన్నాను, కృతజ్ఞతల ఆశీర్వచనం రాగానే అది తనంతట తానే వంగుతుంది అన్నాడు.

ఈ పుట చదివిన ప్రతిసారీ నాకు మత్తన్యా దగ్గర అడుగు ముందుకు పడదు. విమర్శకులు యాంత్రికత అని పేరు పెట్టి తీసిపారేసే సంగతికి ఆయన కృతజ్ఞత చెబుతున్నాడు. మనసు రాజసభలోనో ఇటుకల గోడ మీదో తిరుగుతోంది. మెడ మాత్రం ఏళ్ల తరబడి నేర్చుకున్నది మరవలేదు. ఆ చోటికి రాగానే వంగింది. వంగినప్పుడు మనసుకు తెలిసింది తాను ఎక్కడ ఉండాల్సిందో. కొత్త మాటలు వెతుక్కునేవాడికి ఈ దారి లేదు. వాడి మనసు తప్పిపోతే మాట కూడా తప్పిపోతుంది, వెనక్కి పిలిచేది ఏదీ ఉండదు. తప్పిపోయిన మనసు తిరిగి రావడానికి స్థిరమైన చోటు ఒకటి కావాలి. కవానా నూటికి తొంభై పాళ్లు ఈ తిరిగి రావడమే.

ఇక సొంత మాటల గురించి. నా మాటల్లో నన్ను అడగనిస్తే నేనేం అడుగుతాను? ఇంట్లో జ్వరం ఉంటే ఆరోగ్యం, చేతిలో డబ్బు లేకపోతే డబ్బు. పనిదినం అమీదాలో మధ్యనున్న పదమూడు విన్నపాలు వేరే వరుసలో నడుస్తాయి. మొట్టమొదట అడిగేది తెలివి. తర్వాత పశ్చాత్తాపం, క్షమాపణ, విమోచన. ఆరోగ్యం ఆ తర్వాతే, పంట అంతకన్నా తర్వాత. న్యాయమైన న్యాయాధిపతులు కావాలన్న విన్నపం కూడా అందులో ఉంది. రోజుకు మూడుసార్లు దాన్ని సొంతంగా గుర్తు తెచ్చుకుని అడిగేవాడిని నేను చూడలేదు, నేనూ అడగను. విన్నపాలన్నీ ‘మాకు’ అనే సాగుతాయి. ‘నాకు’ అని మొదలయ్యే మనిషిని పాఠం పట్టుకుని ‘మాకు’ దగ్గర నిలబెడుతుంది. వ్యక్తిగతమైన అర్థం అంటే నాలో ఇప్పటికే ఉన్నదాన్ని బయటపెట్టడం ఒక్కటే అనుకుంటే ఇది అడ్డంకిగానే కనిపిస్తుంది. నాలో లేనిది, ఉండాల్సింది, నాలోకి రావడం కూడా వ్యక్తిగతమే.

వాన సంగతి చూడండి. ఇజ్రాయెల్‌లో శరత్కాలపు సుక్కోత్ పండుగ ముగియగానే పొలానికి వాన కావాలి. అయినా వాన కోసం విన్నపం అమీదాలో వెంటనే మొదలు కాదు. మర్హెష్వాన్ నెల 7వ తేదీ దాకా, అంటే పండుగ తర్వాత 15 రోజులు ఆగాలని మిష్నా. కారణం, పండుగకు యెరూషలేము వచ్చిన యాత్రికుల్లో అందరికన్నా దూరం వెళ్లేవాడు యూఫ్రటీసు నది చేరాలి, దారిలో తడవకూడదు. దీని ఎదుటి వైపు కూడా తాల్ముద్‌లో ఉంది. ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ నాడు ప్రధాన యాజకుడు చేసే చిన్న ప్రార్థనలో, లోకానికి వాన కావాల్సినప్పుడు బాటసారుల మొర వినవద్దని ఒక విన్నపం ఉండేదట. వాన వద్దని బాటసారి సొంత మాటల్లో అడుగుతాడు, చాలా నిజాయితీగా అడుగుతాడు. రైతు అంతే నిజాయితీగా ఈ రాత్రికే కావాలంటాడు. స్థిరపాఠం రైతును రెండు వారాలు ఆపుతుంది, ముఖం ఎరుగని యాత్రికుడెవడో ఇల్లు చేరేదాకా. యెరూషలేము ఆలయం కూలి దాదాపు రెండు వేల ఏళ్లయినా ఆ తేదీ మారలేదు. నోరు కట్టుకుని ఆగే ఆ పదిహేను రోజుల్లో ఉన్నంత కవానా, అప్పటికప్పుడు పొంగే వేడుకోలులో ఉంటుందని నేను ఒప్పుకోను.

కష్టం వచ్చినప్పుడు సొంత మాటలే వస్తాయంటారు. రావు. ఆ సంగతి ఈ ధర్మశాస్త్రానికి తెలుసు. ఇంట్లో మనిషి పోయి, ఖననం ఇంకా కాని సమయంలో దగ్గరి బంధువును అది ప్రార్థన నుంచి పూర్తిగా మినహాయించింది. ఏమీ అనకు, ఏమీ అడగకు, నీ మనిషిని సాగనంపు. మట్టి వేశాక మళ్లీ చేయి పట్టుకుని పదిమంది మధ్యకు తీసుకొస్తుంది, కద్దీష్ చెప్పమంటుంది. అందులో చావు ఊసే లేదు, పోయినవాళ్ల పేరూ లేదు, దేవుడి నామాన్ని కీర్తించడమే ఉంది. తల్లిదండ్రుల కోసం పదకొండు నెలలు రోజూ చెప్పడం ఆచారం. మొదటి వారంలో అది అర్థం లేని శబ్దంగా వినిపించవచ్చు. కోపం తెప్పించవచ్చు కూడా. అయినా కొడుకు నోటికి ఏదో ఒక మాట దొరికింది, పదిమంది ‘ఆమేన్’ అన్నారు. ఆ పొద్దున అతణ్ణి నిలబెట్టి, నీ గుండెలో ఉన్నది నీ మాటల్లో చెప్పు అనడం క్రూరత్వం.

ఇప్పుడు అటువైపు తిరగాలి. స్థిరపాఠాన్ని సమర్థించేవాళ్లలో ఒకరితో నాకు అంతే తగవు ఉంది. యెషయాహు లైబోవిట్జ్ (1903–1994) ఇజ్రాయెల్‌లో చాలామంది యువకుల మనసులను కదిలించిన ఆలోచనాపరుడు. ఆయన దృష్టిలో ప్రార్థన అంటే ఆజ్ఞ పాలన, అంతే. మనిషి అవసరాలకు, వేదనకు దానితో సంబంధం లేదు. అందుకే పెళ్లికొడుకు, భార్యను పాతిపెట్టి వచ్చినవాడు, ఇద్దరూ ఒకే పాఠం చదువుతారు. పుస్తకం మూసెయ్యమనేవాళ్ల భావుకత కన్నా ఇది గంభీరంగా ఉంటుంది, నిజం. కానీ పాఠం మనిషికి పట్టదని చెబితే ఆ పాఠాన్నే కాదన్నట్టు. 12వ శతాబ్దంలో మైమోనిడీస్ తన ధర్మస్మృతిలో, కవానా లేని ప్రార్థన ప్రార్థనే కాదని, అలా చేసినవాడు మళ్లీ చేయాలని రాశాడు. ప్రయాణం చేసి అలిసి వచ్చినవాడు మనసు కుదుటపడేదాకా మూడు రోజులు ఆగాలన్నాడు. చివరకు అమీదా మొత్తం మీద మనసు నిలవకపోయినా మొదటి ఆశీర్వచనంలోనైనా నిలవాలి, అబ్రాహాము ఇస్సాకు యాకోబుల దేవుడని పిలిచే చోట. 16వ శతాబ్దంలో పండితుడు మోషే ఇస్సెర్లెస్ ఈ నియమం మీద రాసిన వ్యాఖ్య చదివితే ఆయన మీద గౌరవం కలుగుతుంది. మన కాలంలో మళ్లీ చేయించం, రెండోసారి చేసినా మనసు నిలవకపోవచ్చు కనుక అన్నాడు. మనిషి బలహీనతను ఒప్పుకున్నాడు, ఆదర్శాన్ని దించలేదు.

బ్రిస్క్ పండితుడు హాయిమ్ సొలోవెయిచిక్ (1853–1918) చేసిన విభజన నాకు ఎక్కువ సాయపడింది. మాటల అర్థం మీద ధ్యాస ఒకటి, తాను దేవుడి ఎదుట నిలబడి ఉన్నానన్న ఎరుక మరొకటి. మొదటిది మొదటి ఆశీర్వచనానికి తప్పనిసరి. రెండోది అమీదా పొడవునా ఉండాలి, అది లేకపోతే జరిగింది ప్రార్థనే కాదు. పాఠంలో ప్రతి మాటనూ ప్రతి పూటా అనుభూతి చెందలేకపోతున్నానని కుమిలేవాళ్లు దీన్ని చదవాలి. ధర్మం వాళ్లను అడుగుతున్నది అది కాదు.

మృతుల పునరుత్థానం నేను నమ్మను, రెండో ఆశీర్వచనం ఎలా చెప్పను అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్న. 19వ శతాబ్దపు సంస్కరణవాద పుస్తకాల్లో కొన్ని ఆ వాక్యాన్ని మార్చేశాయి కూడా. నా మాట: మార్చేస్తే తగవు కూడా పోతుంది. రోజుకు మూడుసార్లు ఒక మాట దగ్గర గొంతు తడబడటం, దాన్ని దాటలేక దాటడం, మూడేళ్ల తర్వాత తండ్రి సమాధి దగ్గర అదే మాట వేరుగా వినిపించడం, వీటికి చోటివ్వాలి. ఒప్పుకోలు లేని చోట కవానా ఉండదనుకోవడం పొరపాటు, వాదులాట కూడా కవానాయే.

మరుగుదొడ్డి నుంచి బయటికి వచ్చి చేతులు కడుక్కుని చెప్పే ఆశీర్వచనం ఒకటి ఉంది, ‘అషేర్ యత్సార్’. దేవుడు శరీరంలో రంధ్రాలు, నాళాలు సృష్టించాడని, వాటిలో ఒకటి తెగినా, ఒకటి మూసుకుపోయినా బతకలేమని దాని భావం. తాల్ముద్ దీన్ని అబయే అనే పండితుడి పేరిట చెబుతుంది. చిన్నప్పటి నుంచి రోజుకు ఎన్నిసార్లో గొణిగే మాట ఇది, ఎవరూ అర్థం తలచుకోరు. ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యాక గొట్టం తీసిన పొద్దున, నర్సు బయట నిలబడి ఉండగా, అరగంట తర్వాత నాలుగు చుక్కలు పడిన మనిషిని ఊహించుకోండి. అలవాటుగా నోరు అదే మొదలుపెడుతుంది, మధ్యలో గొంతు పూడుకుపోతుంది. అప్పటిదాకా చెప్పినవన్నీ వట్టివే కదా అంటారు విమర్శకులు. అవి లేకపోతే ఈ పొద్దున ఆ నోట్లో మాటే ఉండేది కాదు. వాన పడ్డాక చెరువుకు గట్టు వేయలేం.

గుండెలోంచి వచ్చే మాటకు ఈ సంప్రదాయం తలుపు మూసిందన్నది కూడా అబద్ధం. బ్రాత్స్లావ్‌కు చెందిన రబ్బీ నహమాన్ (1772–1810) శిష్యులను రోజూ ఏకాంతంలో, వీలైతే పొలాల్లో, ఇంటి భాష యిడ్డిష్‌లో దేవుడితో మాట్లాడమన్నాడు. మూడు పూటల ప్రార్థన మానమనలేదు. అమీదా చివర ఇప్పుడు అందరూ చదివే వినయపు వేడుకోలు కూడా ఒకప్పుడు మార్ బర్ రవీనా అనే పండితుడు తన కోసం చేసుకున్న సొంత ప్రార్థన. ఎనిమిదో ఆశీర్వచనంలో, స్వస్థత అడిగే చోట, ఆగి జబ్బుపడినవాళ్ల పేరు చేర్చవచ్చు. తల్లి పేరుతో కలిపి, ఫలానా తల్లి బిడ్డ ఫలానా అని చెబుతారు. పదహారోది, మొర వినమనేది, ఇంకా విశాలం. అక్కడ ఏ అవసరాన్నైనా, ఎంత చిన్నదైనా పెట్టుకోవచ్చు. కొన్ని బళ్లల్లో పిల్లలకు వేగంగా చదవడం నేర్పుతారు, ఇక్కడ ఆగవచ్చని నేర్పరు. నా కోపం ఆ బోధన మీద.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న యూదు సమాజం ఉంది. వాళ్ల ఇంటి భాష తెలుగు. ఊళ్లో సినగాగ్ ఉంది, సబ్బాతు పాటిస్తారు, హీబ్రూ పట్టుదలగా నేర్చుకుంటారు. పరాయి భాషలో మాటలు నేర్చుకుని చెబితే మనసెలా లగ్నమవుతుందని వాళ్లను అడిగేవాళ్లు ఉంటారు. అమీదాను ఏ భాషలోనైనా చెప్పవచ్చని మిష్నాయే అనుమతించింది, కాబట్టి తెలుగులో చెప్పినా తప్పు లేదు. హీబ్రూలోనే చెబుతామంటే, బగ్దాద్‌లోనూ వార్సాలోనూ తరాలుగా నలిగిన మాటల్లోకి తమ గొంతు కలపాలన్న కోరిక అది. దానికి నకిలీ అని పేరు పెట్టే హక్కు ఎవరికీ లేదు. హీబ్రూ పాఠం మధ్య సొంత విన్నపాన్ని తనకొచ్చిన భాషలో చేర్చుకోవడం యూదుల్లో మామూలే. పదహారో ఆశీర్వచనం దగ్గర ఆగి, అమ్మ మందుల ఖర్చు గురించో, మిర్చి ధర గురించో, పిల్లాడి ఉద్యోగం గురించో తెలుగులో నాలుగు మాటలు చెప్పుకుని, మళ్లీ హీబ్రూ అందుకుని, పందొమ్మిదోది పూర్తి చేసి, మూడడుగులు వెనక్కి వేయవచ్చు.